ఐసుతో వెతికిన నిప్పు

ఏ ప్రమాదమూ లేకుండా ఉత్తినే మోగిందనే అర్థంలో 'దొంగ అలారం' అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఆ మంట తగ్గలేదు. మొన్న మా పాత ప్లాంటులో కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్ళు మనుబోలులో మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ ఒకడు, "రోజూ దొంగ అలారాలే సార్. వాటిని మూసేస్తూ కూర్చోవడమే మా డ్యూటీ" అని నవ్వాడు. నేను గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాను. నా గొంతు వంటింట్లోకి వినబడిందేమో, మా ఆవిడ వచ్చి "పేదవాడి కోపం పెదవికి చేటు, ఊరుకోండి" అంది. ఊరుకున్నాను. వాళ్ళకు సగమే చెప్పి పంపించాను. ఆ పిల్లలకూ, వాళ్ళలాంటి మిగతావాళ్ళకూ మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. సముద్రం ఒడ్డున ఉన్న ఒక థర్మల్ ప్లాంటులో పనిచేశాను. మాది వరి పండించే కుటుంబం. మీటర్లు, గేజీలు, సెన్సర్లు చూసుకునే ఈ పని ఏమిటో మా నాన్నకు చాలాకాలం అర్థం కాలేదు. ఒకరోజు "అంటే, కాలతా ఉందో లేదో చెయ్యి పెట్టి చూడకుండా చెప్పే పనా?" అని అడిగాడు. మా పని గురించి అంతకంటే బాగా ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు.

ఓడలో వచ్చిన బొగ్గు బెల్టు మీద ప్లాంటులోకి చేరుతుంది. ఆ బెల్టు నడిచే దారిని గ్యాలరీ అంటాం. స్తంభాల మీద నిలబెట్టిన పొడుగాటి రేకుల గొట్టం అనుకోండి. ఒక కొస నేల మీద మొదలై, ఏటవాలుగా ఎక్కుతూ పోయి, పైన బొగ్గు తొట్ల దగ్గర ఆగుతుంది. లోపల బెల్టు పక్కన ఒక మనిషి నడిచేంత సందు ఉంటుంది. ఉప్పుగాలికి రేకులు తుప్పు పట్టి ఎప్పుడూ ఏదో ఒకచోట టపటపా కొట్టుకుంటుంటాయి. బొగ్గుపొడి మీకు తెలియనిది కాదు, సాయంత్రం తుమ్మితే రుమాలు నల్లగా అవుతుంది. ఆ గొట్టంలో కింద ఎక్కడైనా నిప్పు పుడితే అది ఎగువకే పాకుతుంది. పైన ఉన్నవాళ్ళు దిగాలంటే ఆ నిప్పును దాటుకునే దిగాలి. ఇంకో మెట్ల దారి లేదు. పెట్టాలని ప్రతి సేఫ్టీ మీటింగులోనూ అనుకునేవారు.

అందుకని బెల్టు మీదుగా, గ్యాలరీ పొడవునా ఫైబర్ కేబుల్ కట్టారు. మేం దాన్ని గాజు దారం అనేవాళ్ళం. కింద గదిలో ఉన్న యంత్రం ఆ దారంలోకి వెలుగు పంపిస్తుంది. దారిలో వేడి తగిలిన చోట, వెనక్కి తిరిగొచ్చే వెలుగులో తేడా వస్తుంది. ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసుకుని, ఇన్ని మీటర్ల దగ్గర వేడి ఉంది అని యంత్రం చెబుతుంది. అది చెప్పేది దారం పొడవున కొలిచిన దూరం. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

బెల్టు మీద నుంచి రాలిన బొగ్గును ఊడ్చి మళ్ళీ బెల్టు మీదికి ఎత్తే పని కాంట్రాక్టు ఆడవాళ్ళది. సముద్రం వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళకు పెద్ద ఒక మేస్త్రమ్మ. నలభై దాటిన మనిషి. పొద్దున పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి చిన్న ప్రార్థన చేయించేది. ఆమెన్ అనగానే, హెల్మెట్ పెట్టుకోనివాళ్ళను తిట్టేది. రెండింటికీ గొంతు ఒకటే. ఆమె గట్టిగా నవ్వితే బెల్టు చప్పుడు మించి వినబడేది.

గ్యాలరీలో పైభాగానికి దగ్గరగా కాస్త వెడల్పైన మూల ఒకటి ఉంది. అక్కడ రేకు తీసి ఉండడంతో సముద్రపు గాలి కొడుతుంది. ఆ ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నాలు తినేది అక్కడే. ప్లాంటంతా దాన్ని ఆడోళ్ళ మూల అనేది. ఇంకో అలవాటు కూడా చెప్పాలి. అన్నిటికంటే పైన, బెల్టును తిప్పే గేరుబాక్సు ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. దాని మూత మీద క్యారియర్లు పెడితే అన్నం వేళకు కూరలు అప్పుడే దించినట్టు ఉంటాయి. తిరిగే యంత్రం దగ్గరకు అలా పోకూడదని రూలు. రూలు గోడ మీద ఉండేది, క్యారియర్లు గేరుబాక్సు మీద ఉండేవి. మా టెక్నీషియన్ల క్యారియర్లూ మేస్త్రమ్మ వాళ్ళే పెట్టి తీసేవారు. మా పెద్దసారు ఇంటి నుంచి తెచ్చుకున్న చేపల పులుసు కూడా ఒకటి రెండుసార్లు ఆ మూత మీదే వెచ్చబడింది. ఆయనకు తెలియకుండా జరిగింది కాదు.

పెద్దసారు అంటే మా విభాగం అధికారి. ఆయన్ను రాక్షసుడని రాయలేను. మా ఇంట్లో పెళ్ళికి పిలిస్తే వచ్చి, అక్షింతలు వేసి, భోజనం చేసి వెళ్ళిన మనిషే. కాకపోతే తన కుర్చీకి ఇబ్బంది తెచ్చే మాట ఏదైనా సరే, ఆయన చెవికి ఎక్కదు.

ఆ ఏడు తుఫాను గాలికి గ్యాలరీ కింది భాగంలో రేకులు లేచిపోయాయి. ఒక రేకు కోసుకుని గాజు దారం తెగింది. బయటి నుంచి ఫైబర్ అతికే మనిషిని పిలిపించి అతికించారు. యంత్రం మళ్ళీ పనిచేసింది. కొన్ని వారాలకు అలారాలు మొదలయ్యాయి.

అలారం తీరు విచిత్రంగా ఉండేది. ఓడ వచ్చి, బెల్టు పొద్దున్నుంచి ఆగకుండా నడిచిన రోజు మాత్రమే మోగేది. అదీ అన్నాల వేళకు. తెర మీద చూపించే మీటరు గోడ మీది పటంలో చూసుకుంటే సరిగ్గా ఆడోళ్ళ మూల. పరుగున పోతే అక్కడ నిప్పు ఉండదు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని అన్నం కలుపుకుంటూ, మా వైపు వింతగా చూస్తుంటారు. మా వెనుక ఫైరువాళ్ళు. "రండి సార్, తిందురు" అనేది మేస్త్రమ్మ.

అలా రెండు మూడుసార్లు అయ్యాక పెద్దసారు స్వయంగా వచ్చాడు. ఆడవాళ్ళ సంచులన్నీ కుమ్మరించి చూశారు. అగ్గిపెట్టె దొరకలేదు, స్టవ్ దొరకలేదు. ఆయన వంగి మేస్త్రమ్మ క్యారియర్ మీద చెయ్యి పెట్టాడు.

"ఇంత వేడిగా ఎలా ఉంది ఇది?"

మేస్త్రమ్మ క్యారియర్‌ను తన వైపు లాక్కుంది.

"పొద్దున ఆరింటికి ఇంట్లో వండింది ఇప్పటిదాకా పొగలు కక్కుతుందా? ఇక్కడే ఎక్కడో కాస్తున్నావు. ఎక్కడ?"

ఆమె తల దించుకుంది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమె వైపు చూశారు. ఆమె కళ్ళతోనే వాళ్ళను ఊరుకోమంది. నాకు ఆగలేదు. "సార్, అది గేరుబాక్సు మీద పెట్టింది. నాదీ అక్కడే ఉంది, ఇంకా దించలేదు. కావాలంటే చూడండి" అన్నాను.

"నువ్వు సెన్సర్ చూడ్డానికి వచ్చావా, సాక్ష్యం చెప్పడానికి వచ్చావా?" అన్నాడు పెద్దసారు. "గేరుబాక్సు ఎక్కడ, ఈ మూల ఎక్కడ? అలారం ఇక్కడ వచ్చింది. నిప్పు లేనిదే పొగ రాదు."

సామెత మంచిదే. వాడిన చోటే తప్పు. పులుసు సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. అది కూడా అనేశాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ మాటతో నేను మేస్త్రమ్మకు మేలు చేశానో కీడు చేశానో నాకు ఇప్పటికీ తెలియదు. చేశాను, అంతే.

సాయంత్రం గేటు దగ్గర, బస్సులన్నీ నిండి ఉన్న సమయంలో, సెక్యూరిటీ చేత ఆమె గేటుపాసు తీయించాడు. కాంట్రాక్టరు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నిప్పు పెట్టే మనుషులకు ఇక్కడ చోటు లేదు" అన్నాడు పెద్దసారు, కిటికీల్లో ఉన్న తలలన్నిటికీ వినబడేలా.

"నేను పెట్టలేదు సార్. దేవుడు చూస్తా ఉండాడు" అంది ఆమె.

"దేవుడి సంగతి నాకు తెలీదు. మిషన్ చూసింది."

బస్సులో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎవరిదో తెలిసి ఉంటే ఆ రోజే నా ఉద్యోగం పోయేది. బస్సు దిగి ఆమె దగ్గరకు వెళ్ళి, "గేరుబాక్సు మీద పెట్టామని నువ్వే చెప్పొచ్చు గదమ్మా" అన్నాను. ఆమె సంచి భుజాన వేసుకుంటూ, "అది ఒప్పుకుంటే గుంపు మొత్తానికి పాసులు తీసేస్తారన్నా. ఇప్పుడు నా ఒక్కదానికే పోయింది" అంది. ఆమె మొగుడు పడవ ప్రమాదంలో నడుము దెబ్బతిని ఇంట్లో ఉన్నాడని, ఆ ఇంటికి ఆమె పాసే ఆధారమని మా అందరికీ తెలుసు. పెద్దసారుకూ తెలుసు.

తర్వాతి ఓడ వచ్చింది. మేస్త్రమ్మ లేదు. మిగిలిన ఆడవాళ్ళు భయపడి క్యారియర్లు గేరుబాక్సు మీద పెట్టడం మానేసి చల్లటి అన్నం తింటున్నారు. అన్నాల వేళకు అలారం మోగింది. అదే మీటరు.

నేను పెద్దసారు గదిలోకి తలుపు కొట్టకుండానే వెళ్ళాను. "ఇప్పుడు ఎవరు పెట్టారు సార్ నిప్పు?" అన్నాను.

ఆయన కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. మనిషన్నవాడు ఆ క్షణంలో ఏం చెయ్యాలి? ఆమెను పిలిపించాలి. ఆయన మాత్రం, "అయితే కేబులే పాడై ఉంటుంది. దొంగ అలారాలు. ఓడ పని చెడుతోంది. ఆ జోన్‌ని మాస్క్ చెయ్యండి" అన్నాడు. మాస్క్ అంటే ఆ ముక్క ఎంత కాలినా గంట కొట్టకుండా యంత్రం నోరు కట్టెయ్యడం. ఆడలేక మద్దెల ఓడు అన్నారు. ఆడది దొరికినంతసేపు ఆమె తప్పు, ఆమె పోయాక కేబుల్ తప్పు. మొత్తానికి తప్పు మాత్రం ఆ గదిలోకి రాకూడదు.

నేను చెయ్యనన్నాను. ఆయన నా జంట టెక్నీషియన్‌ని పిలిచి చెప్పాడు. నా జోడీ మంచివాడు, హాస్యగాడు, పని తెలిసినవాడు. ఆ నెలలో అతని ప్రమోషన్ ఫైలు పెద్దసారు బల్ల మీద ఉంది. నా వైపు చూడకుండా వెళ్ళి పాస్‌వర్డ్ కొట్టాడు. ఆ సాయంత్రం బస్సులో అతని పక్కన నేను కూర్చోలేదు.

ఇంటికి వచ్చినా నిద్ర లేదు. కోపంతో ఆలోచిస్తే బుర్ర పనిచెయ్యదంటారు. నాకు ఆ రోజు బాగానే పనిచేసింది. కేబుల్ పాడైతే ఓడ లేని రోజు కూడా మోగాలి. బెల్టు గంటల తరబడి నడిచినప్పుడే మోగుతోందంటే ఎక్కడో నిజంగానే వేడి పుడుతోంది. పుట్టి, బెల్టు ఆగగానే చల్లారుతోంది. అన్నాల వేళ అనేది వట్టి పొంతన. పొద్దున మొదలైన బెల్టుకు అంతసేపటికి వేడి ఎక్కుతోంది, అంతే. యంత్రం మంచిదే, దారం మంచిదే, మూలలో నిప్పు లేదు. ఈ మూడూ నిజమైతే ఇక తప్పు ఉండాల్సింది ఒక్కచోటే. మేం పరుగెత్తిపోయి నిలబడుతున్న చోటే తప్పు.

అది తేల్చుకోవాలంటే దారి సులువు. తెలిసిన చోట దారానికి వేడి తగిలించి, యంత్రం ఆ వేడిని ఎన్ని మీటర్ల దగ్గర చూపిస్తోందో చూడాలి. కానీ బొగ్గు గ్యాలరీలోకి వేడిగాలి గన్ను తీసుకుపోవాలంటే పర్మిట్ కావాలి. దాని మీద సంతకం పెట్టాల్సింది పెద్దసారే. పెట్టడు. పొద్దున బస్సు ఎక్కకుండా బండి మీద డ్యూటీకి పోతుంటే రొయ్యల గుంటల దగ్గర వలలేసి పట్టుబడి చేస్తున్నారు. లారీ దగ్గర ఐసు గడ్డలు దంచి పెట్టెల్లో పోస్తున్నారు. బండి ఆపేశాను. గాజు దారానికి వేడి తెలిసినట్టే చలీ తెలుస్తుంది. ఐసుకు పర్మిట్ రాసే ఫారం మా ప్లాంటులో లేదు.

థర్మోకోల్ పెట్టె వెనక కట్టుకుని గేటు దగ్గరికి వెళితే సెక్యూరిటీ అతను మూత ఎత్తి చూశాడు. "ఏందన్నా, రొయ్యలు లేకుండా వట్టి ఐసు తెచ్చినావే?"

"సెన్సర్‌కి జొరం వచ్చిందబ్బయ్యా, తడిగుడ్డ వెయ్యాల."

నవ్వి వదిలాడు. ఆ రోజు జెట్టీలో ఓడ ఉంది. బెల్టు తెల్లవారకముందు నుంచీ నడుస్తోంది. కింద గదిలో యంత్రం ముందు నా జోడీ ఉన్నాడు. నేను మాట్లాడలేదు, పెట్టె మూత తీసి చూపించాను. అతనికి వెంటనే అర్థమైంది. కాసేపు చేతులు నలుపుకుని, "నువ్వు పొయ్యి కట్టన్నా. నేను తెర మీద వేడి గీత చూస్తా ఉంటా. అలారం నోరు కట్టినారు గానీ గీత కనబడతానే ఉండాది" అన్నాడు.

ఆడోళ్ళ మూల దాకా ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. ఆడవాళ్ళు అన్నాలకు కూర్చుంటున్నారు. తడి గోనెసంచిలో ఐసు పోసి, దారానికి రెండు బారల మేర చుట్టి, పురికొసతో కట్టాను. "ఏంది సార్, కేబుల్‌కి దిష్టి తీస్తుండారా?" అంది ఒకామె. మేస్త్రమ్మ పోయిన తర్వాత ఆ మూలలో నేను విన్న మొదటి నవ్వు అది.

వాకీటాకీలో అడిగాను. "చల్లదనం ఎక్కడ పడింది?"

బెల్టు హోరులో వినబడలేదేమోనని మళ్ళీ అడిగాను.

"అన్నా, నువ్వు యాడుండావు?" అన్నాడు నా జోడీ.

"ఆడోళ్ళ మూలలో."

"నిజంగానా? ఇక్కడ నువ్వు ఇంకా పైన ఉన్నట్టు చూపిస్తా ఉంది. దగ్గర దగ్గర డెబ్బై మీటర్లు పైన." అంతలోనే గొంతు మార్చి అన్నాడు. "అన్నా, పాత మీటరు కాడ వేడి గీత లేస్తా ఉంది. ఇంతకుముందు కంటే ఎత్తుగా ఉంది."

లెక్క మీకు తెలిసిపోయే ఉంటుంది. మూలలో ఉన్న నన్ను యంత్రం డెబ్బై మీటర్లు పైన చూపిస్తోందంటే, యంత్రం మూలలో ఉందని చూపించే నిప్పు నిజానికి డెబ్బై మీటర్లు కింద ఉంది. మేం ఇన్నాళ్ళూ దాని పక్కనుంచే పరుగెత్తి, దాన్ని దాటి పైకి పోయి, అన్నం తింటున్న ఆడవాళ్ళ సంచులు కుమ్మరించాం. ఆ నిప్పుకు పైన, దిగే దారి లేని చోట ఆ ఆడవాళ్ళే ఉన్నారు. ఇప్పుడూ ఉన్నారు. ఆ ముక్కకే గంట మోగకుండా నోరు కట్టి ఉంది.

"అందరూ లేవండి, అన్నాలు వదిలేసి నా వెనక రండి" అని అరిచి కిందికి దిగాను. స్తంభాల లెక్కన దూరం చూసుకుంటూ దిగుతుంటే ఒకచోట బెల్టు కింద రోలరు ఒకటి తిరగడం లేదు. బెల్టు దాని మీద రాసుకుంటూ పోతోంది. దాని చుట్టూ బొగ్గుపొడి మోకాలెత్తున పేరుకుని ఉంది. పైకి నల్లగా, అమాయకంగా ఉంది. పక్కనున్న చీపురు కట్టెతో కదిలిస్తే లోపల ఎర్రగా కనబడింది. బెల్టును ఆపడానికి దాని పొడవునా ఒక తాడు ఉంటుంది. లాగేశాను. బెల్టు ఆగింది. గాలి తగిలిన ఆ పొడిలోంచి పొగ లేచింది. ఆడవాళ్ళు ముక్కుకు కొంగులు అడ్డం పెట్టుకుని ఒకరి వెనక ఒకరు ఆ పొగ పక్కనుంచి దిగారు. చివరామె దాటేదాకా నేను అక్కడే నిలబడ్డాను. నీళ్ళ గొట్టం వచ్చింది. అది ఆర్పడం పెద్ద పనేం కాలేదు. ఇంకో గంట ఆగి ఉంటే ఏమయ్యేదో నేను రాయను, మీకు గ్యాలరీ తెలుసు.

వాకీటాకీలో పెద్దసారు గొంతు వచ్చింది. "బెల్టు ఎవరు ఆపారు? ఓడ ఆగింది అక్కడ!"

ఆయన మొదటి ప్రశ్న అది. మనుషులు దిగారా అన్నది రెండో ప్రశ్న కూడా కాదు.

ఆ డెబ్బై మీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ సాయంత్రమే దొరికింది. తుఫానుకు తెగిన చోట, కేబుళ్ళు పరిచే ట్రే వెనక, సిమెంటు సంచిలో చుట్టి కట్టిన గాజు దారం చుట్ట ఒకటి వేలాడుతోంది. బండి చక్రం అంత ఉంది. అతికిన మనిషికి ఫోను చేశాను. సూళ్ళూరుపేట అవతల ఊరు అతనిది, మాటలో సగం అరవ యాస. "ఆమా అన్నా, నేనే చుట్టినా" అన్నాడు, దాపరికం లేకుండా. "ఆ గాలిలో, ఆ పొడిలో పైన అతుకు పడదు. రెండు కొసలకీ కొత్త తీగ కలిపి, కింద బండి దాకా దించి, బండిలో కూర్చొని అతికినా. మిగిలింది పైకి లాగి చుట్టేసినా. అందరం అట్టనే చేస్తాం. దారం పొడవు పెరిగింది, మీ పటం మార్చుకోండి అని మీ పెద్దసారుకి చెప్పినానే. సరి సరి అన్నాడు."

ఫోను పెట్టేసి పెద్దసారు గది వైపు నడిచాను. అప్పటిదాకా నాకున్న కోపం వేరు, అప్పుడు వచ్చిన కోపం వేరు. తెలియక చేసినవాడితో పోట్లాడొచ్చు. ఈయనకు తెలుసు. తెలిసీ ఆమె క్యారియర్ మీద చెయ్యి పెట్టాడు.

గదిలో అడిగితే ఆయన, "పోతూ పోతూ ఏదో అన్నాడయ్యా. పటం మార్చాలంటే మిషన్ కంపెనీ మనిషి రావాలి, అదంతా ఒక తతంగం. అప్పుడు అంత అవసరం అనిపించలేదు" అన్నాడు. "మంచి పని చేశావు. ఇప్పుడు మార్పిద్దాం. ఆవిణ్ణి కూడా రమ్మను, పాసు ఇప్పిస్తా."

ఆ కబురు నేనే తీసుకుపోయాను. మేస్త్రమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. చెప్పింది మొత్తం విన్నది. చేతులు కడుక్కుని వచ్చి, మంచం వాల్చి నన్ను కూర్చోమని, తను గడప మీద కూర్చుంది.

"పాసు ఇస్తే సరిపోయిందా అన్నా? గేటు కాడ బస్సుల నిండా జనం విన్నారు. అందులో సగం మంది మా మందిరం సంఘపోళ్ళే. బావి కాడ నన్ను నిప్పుల మేస్త్రి అంటుండారు. మా ఆయన కూడా ఒకరోజు అడిగినాడు, నిజం చెప్పు, నువ్వేమన్నా కాచినావా అని."

"ఏం చెయ్యమంటావు?"

"సారుని ఒక్క ఆదివారం మా మందిరానికి రమ్మను. ప్రార్థనలో సాక్ష్యాలు చెప్పే టయానికి అందరి ముందర లేచి, ఈమె పెట్టలేదు, నేను తప్పు మాట అన్నాను అని రెండు ముక్కలు చెప్పి పొమ్మను. మర్నాడే పనికొస్తా."

ఇది పెద్ద కోరికా? మీరే చెప్పండి. పెద్దసారుకు చెబితే మొదట నవ్వాడు, తర్వాత నేను నవ్వడం లేదని చూశాడు. "నేనా? మందిరంలో లేచి నిలబడా? పాసు ఇస్తున్నాం కదయ్యా, ఇంకేం కావాలంట?" అన్నాడు. నేను కదలకుండా నిలబడితే, "చూద్దాంలే. ఈ ఆదివారం ఖాళీ లేదు, వచ్చే ఆదివారం చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' అర్థం నాకు తెలుసు. ఆమెకు తెలియదు. నేను వెళ్ళి మాటకు మాట చెప్పాను.

వచ్చే ఆదివారం వెళ్ళింది, ఆ తర్వాతిదీ వెళ్ళింది. ప్రతి సోమవారం నేను ఆయన గదికి వెళ్ళడం, ఆయన ఫోను ఎత్తుకోవడం. చివరికి మూడో ఆదివారం నేనే వెళ్ళాను.

చిన్న మందిరం. కింద చాపలు, తల మీద కొంగులతో ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. ముందు వరసలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద ఉతికిన తుండు పరిచి ఉంది. నన్ను చూసి పాస్టర్ అయ్యగారు ఎదురొచ్చి, ఆ కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి మేస్త్రమ్మ గొంతు వచ్చింది. "అయ్యగారూ, అది సారుకి వేసింది. అన్న చాప మీద కూర్చుంటాడు."

చాప మీద కూర్చున్నాను. ఆ కుర్చీ మూడు వారాలుగా అక్కడే ఉందని, మేస్త్రమ్మ ప్రతి ఆదివారం తుండు మార్చి పరుస్తోందని పక్కనున్నాయన మెల్లగా చెప్పాడు.  నాకు వచ్చింది సిగ్గు కాదు, కోపమే. సాక్ష్యాల వేళకు లేచాను. నేను ఆ మతం వాణ్ణి కాను, అక్కడ ఎలా మాట్లాడాలో తెలియదు. గాజు దారం, చుట్ట, ఐసు, ఎర్రటి పొడి, అన్నీ చెప్పాను. "ఈమె నిప్పు పెట్టలేదు. నిప్పు ఎక్కడుందో తెలుసుకోవాల్సిన వాళ్ళం మేం. ఈమె నోరు విప్పకుండా మిగతావాళ్ళ కూడు కాపాడింది" అన్నాను. ముసలాయన ఒకాయన "స్తోత్రం" అన్నాడు. మేస్త్రమ్మ తల ఎత్తలేదు.

బయట వేపచెట్టు కింద నాకు టీ తెచ్చి ఇచ్చింది. "నువ్వొచ్చినావు, సంతోషం అన్నా. నువ్వు చెప్పింది నిజమే. అయితే నన్ను ఆ మాట అనింది నువ్వు కాదు గదా."

ఆమె మళ్ళీ మా గేటు తొక్కలేదు. వాకాడు వైపు ఎక్కడో రొయ్యలు వలిచే షెడ్డులో చేరిందని విన్నాను. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టే పని.

పెద్దసారుకు ఆ తర్వాత ప్రమోషన్ వచ్చింది. వెళ్ళేముందు పెద్ద మీటింగులో, ఖర్చు లేకుండా సెన్సర్ పరీక్ష అని తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. అందులో నా థర్మోకోల్ పెట్టె ఫోటో కూడా ఉంది. మేస్త్రమ్మ లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నా జోడీ ఒక్కడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ బస్సులో అతని పక్కన కూర్చోవడం ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టాను.

అందుకే పిల్లలూ, మీ తెర మీద గంట మోగి, వెళ్ళిన చోట నిప్పు కనబడకపోతే, ముందు మీరు నిలబడిన చోటును అనుమానించండి. అక్కడ కూర్చున్న మనిషిని చిట్టచివర అనుమానించండి. మూసెయ్యడం మీ డ్యూటీ కాదు.

మొన్న మీలో ఇద్దరు వచ్చి వెళ్ళాక మనసు ఊరుకోక పెద్దసారు నంబరు సంపాదించి ఫోను చేశాను. ఆయనా రిటైరయ్యాడు. నన్ను గుర్తుపట్టి సంతోషించాడు. బీపీ గురించి, మోకాళ్ళ గురించి చెప్పాడు. ఐసు పరీక్ష గుర్తుందని తనే అన్నాడు. మేస్త్రమ్మ సంగతి ఎత్తాను.

"ఏ ఆవిడ?" అన్నాడు.

గేటు, బస్సులు, పాసు, అన్నీ చెప్పాను. ఊహూ, గుర్తు రాలేదు. నటిస్తున్నాడేమో అనుకుని గొంతు జాగ్రత్తగా విన్నాను. నటన కాదు. నిజంగానే మరిచిపోయాడు.

"మీకోసం కుర్చీ వేసింది సార్. మూడు ఆదివారాలు తుండు మార్చి పరిచింది. మీరు రాలేదు" అన్నాను.

"అవునా? అయ్యో" అన్నాడు పెద్దసారు. "ఏం ఫంక్షన్?"